మా జిల్లాలో ఒక్క మనిషీ లేడు

పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఏ డ్రమ్ము ఏ తేదీన లోపలికి వచ్చిందో, ఏ తేదీన బయటికి వెళ్లిందో కాగితం మీద లేకపోతే, ఆ డ్రమ్ము నా కళ్లెదుటే ఉన్నా నా దృష్టిలో లేనట్టే. పదవీ విరమణ తర్వాత కూడా ఈ అలవాటు నన్ను వదలలేదు. ఇంట్లో వాళ్లు మాత్రం, నేనే దాన్ని వదలలేదంటారు. పాలు ఎన్ని గంటలకు కాచావని అడిగితే, నా భార్య గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, వేలు పెట్టి చూసుకొమ్మంటుంది.

అందువల్ల మా కోడలు జనాభా లెక్కల పని నాకు అప్పగించినప్పుడు, ఇన్నాళ్లకు ఇంట్లో నా విలువ తెలిసిందనుకున్నాను.

కోడలు మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. మా ఊరు లక్డారానికి దగ్గర. ఫ్యాక్టరీ పనుల కోసం ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలు ఊరి చివర రేకుల గదుల్లో కిరాయికి ఉంటున్నాయి. వాళ్ల పిల్లలూ మా పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటే, ఒకడు మోకాళ్లు ముడుచుకుంటే తప్ప పక్కవాడి పళ్లెం నేలకు ఆనదు. రెండో కేంద్రం కావాలని ఆమె పెట్టిన దరఖాస్తు అప్పటికే ఒకసారి వెనక్కి వచ్చింది. జనగణనలో ఉన్న ఊరి లెక్కా, ఆమె ఇంటింటికీ తిరిగి రాసుకున్న నేటి లెక్కా పక్కపక్కన ఒకే పట్టికలో ఉండాలట. సోమవారానికల్లా ఇవ్వకపోతే ఈ ఏడాదికి ఇక చూడరట.

ముందుగా ఆమె నోటుబుక్కు తనిఖీ చేశాను. రేకుల గదుల దగ్గర ఒకచోట పిల్లల సంఖ్యకు ముందు ‘సుమారు’ అని ఉంది. ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. షిఫ్టులు మారినప్పుడల్లా కుటుంబాలు గదులు మారుతాయని, పొద్దున ఒక గదిలో కనిపించిన పిల్ల సాయంత్రానికి మరో గదిలో ఉంటుందని ఆమె చెప్పింది. స్టోర్స్‌లో ‘సుమారు’ అనే మాటకు చోటు లేదని నేను చెప్పాను. మరునాడు ఆమె ఎండలో మళ్లీ తిరిగి వచ్చి, ఆ మాట కొట్టేసి, అంకె మాత్రం ఉంచింది.

తర్వాత నా వంతు. జనగణన వెబ్‌సైటులో ఫైళ్లకు రాష్ట్రాల పేర్లు లేవు, కోడ్ అంకెలే ఉన్నాయి. మా అంకె ఏదో కోడలి ఆఫీసు వాళ్లు చీటీ మీద రాసిచ్చారు. దాని ప్రకారం గ్రామాల వారీ ఫైలు దించుకొని ఎక్సెల్‌లో తెరిచాను. మొదటిసారి సమాచారమంతా, ఆఫీసు వేళ సంగారెడ్డి బస్సులో జనంలాగా, ఒకే కాలమ్‌లో కుక్కుకొని వచ్చింది. కామా ఉన్నచోటల్లా విడదీశాను. ఈసారి మండలాల కోడ్‌లకు ముందున్న సున్నాలు మాయమయ్యాయి. ముందున్న సున్నాకు విలువ లేదని కంప్యూటరు అభిప్రాయం. కోడ్‌లో సున్నా పోవడమంటే మనిషికి ఇంటిపేరు పోవడమే. ఆ కాలమ్‌ను అంకెలుగా కాక అక్షరాలుగా చదవమని చెప్పి, పనంతా మళ్లీ మొదటి నుంచి చేశాను. మూడోసారికి సున్నాలన్నీ తమ తమ స్థానాల్లో నిలబడ్డాయి.

ఇక మా ఊరిని వెతకాలి. మరొకరైతే ఊరి పేరే నేరుగా కొట్టి చూసేవారు. నేను అలా చేయను. స్టోర్స్‌లో ముందు షెడ్డు, తర్వాత ర్యాకు, ఆ తర్వాతే డబ్బా. ఇక్కడా అదే క్రమం: ముందు జిల్లా, తర్వాత మండలం, చివరికి ఊరు. జిల్లా కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి సంగారెడ్డి అని కొట్టాను. ఒక్క వరుస కూడా మిగలలేదు. ఆ పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాశాను. తెర తెల్లగానే ఉంది. ఫైలు మళ్లీ దించాను. సున్నాలను మళ్లీ నిలబెట్టాను. జిల్లా మాత్రం కనబడలేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, మా జిల్లాలో ఒక్క మనిషీ లేడని ప్రకటించాను.

“మరి నీకు అన్నం పెట్టిందెవరయ్యా?” అంది నా భార్య.

లెక్కలో లేకపోవడం వేరు, లోకంలో లేకపోవడం వేరు అని వివరించబోయాను. లెక్కల లేనోళ్లకు పప్పెందుకని ఆమె గిన్నె అవతలికి జరిపింది.

ఆదివారం పొద్దున్నే జనగణన శాఖకు ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. ఏ ప్రయత్నం ఎన్ని గంటలకు చేసిందీ తెలిపే జాబితా కూడా జతపరిచాను. ఒక జిల్లా ప్రజలందరినీ విస్మరించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదని ముగించి, టైపు చేసి పంపమని కోడలికి ఇచ్చాను. ఆమె చివరి దాకా చదివి, కాగితాలు మడిచి, గడప దగ్గర కూర్చుంది. సోమవారం ఇవ్వాల్సిన పట్టికలో ఒక సగం ఇంకా ఖాళీగానే ఉందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“మామా, కోపానికి రాకుండ్రి. మన సంగారెడ్డి జిల్లా ఎప్పుడైంది?”

తేదీ అడిగితే నాకు ప్రాణం లేచివస్తుంది. “రెండువేల పదహారు, అక్టోబరు పదకొండు. దసరా నాడు.”

“మరి ఈ లెక్క ఎప్పుడు రాసిండ్రు?”

“రెండువేల పదకొండు, ఫిబ్రవరి...” అని ఆగిపోయాను.

ఆమె నవ్వలేదు. ఆమె వంతు కూడా కలిపి వంటింట్లోంచి నా భార్య నవ్వింది.

ఆ లెక్క రాసిన నాటికి మేము మెదక్ జిల్లా వాళ్లం. రాష్ట్రం పేరు కూడా వేరు. నాకు తెలియనివి కావు, రెండు తేదీలూ కంఠస్థమే. ఒకదాని పక్కన మరొకటి పెట్టి చూడలేదు, అంతే. మెదక్ అని కొట్టగానే ఊళ్లు బిలబిలమంటూ వచ్చాయి. వాటి మధ్యలో మా ఊరు, ఆరేళ్ల లోపు పిల్లల గడితో సహా, మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. ఫిర్యాదు చింపలేదు. ‘రద్దు’ అని రాసి, తేదీ వేసి, ఫైలులో పెట్టాను.

సోమవారం కోడలూ నేనూ ఆఫీసుకు వెళ్లాం. బల్ల వెనక ఉన్న ఉద్యోగి పట్టిక మీద వేలు ఆనించి, జిల్లా తప్పు పడిందని, మెదక్ కొట్టేసి సంగారెడ్డి అని రాసి తెమ్మని అన్నాడు. ఒక్క మాట మారిస్తే పని అయిపోతుంది. పెన్ను కూడా బల్ల మీదే ఉంది. కానీ జనగణన పట్టికలో ఉన్న మాటను చేత్తో మార్చడం నా వల్ల కాదు. నేను తేదీలు మొదలుపెట్టాను. మా వెనక వరుస పెరిగింది.

“అవన్ని నాకెందుకు పెద్దాయనా? దరఖాస్తుల సంగారెడ్డి ఉంది, ఈడ మెదక్ ఉంది. రెండు కలుస్తలేవు,” అంటూ అతను కాగితాలు మా వైపు తోశాడు.

రెండు రోజుల కింద నేను చేసిన తప్పే కాబట్టి, నాకు అతని మీద కోపగించే అర్హత లేకపోయింది. కోడలు ఆ కాగితాలను మళ్లీ అతని వైపు మెల్లగా జరిపింది.

“సార్, మీరు నౌకరీల చేరినప్పుడు ఇది ఏ జిల్లా ఉండె?”

అతను నోరు తెరిచి, అచ్చం నాలాగే ఆగిపోయాడు. మెదకేనని ఒప్పుకున్నాడు. మెదక్ అలాగే ఉంచి, దాని పక్కన ‘నేటి జిల్లా’ అని ఇంకో గడి గీస్తే సరిపోతుందా అని ఆమె అడిగింది. అతను తల ఊపాడు. నా జేబులో స్కేలు ఉంది కాబట్టి గీత వంకర పోలేదు. ముద్ర పడ్డాక అందులోని తేదీ సరిచూసుకొని బయటికి వచ్చాను.

వానలు వెలిసేసరికి రేకుల గదుల పక్కనే కిరాయి గదిలో రెండో కేంద్రం మొదలైంది. మొదటి రోజు పిల్లలను లెక్కపెట్టే బాధ్యత నేనే అడిగి తీసుకొని, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఒక పిల్ల తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెట్టి, మనసు మార్చుకొని తీసుకుపోయి, మళ్లీ తెచ్చింది. ఇద్దరు చొక్కాలు మార్చుకున్నారు. మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలు వచ్చాయి. కానీ ఏ పళ్లెమూ పక్క పళ్లేనికి తగలడం లేదు.

ఇంటికి వచ్చి డైరీలో తేదీ వేశాను. మూడింటిలో మధ్య అంకె రాశాను. కాసేపు ఆలోచించి, దాని ముందు ‘సుమారు’ అని చేర్చాను.

మరునాడు డైరీ తెరిస్తే, ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.