ఇల్లరికం పోయిన సెంటర్ ఫార్వర్డు

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు జట్టు మారాలంటే కోట్లు చేతులు మారనక్కరలేదు. ఒక పెళ్ళి జరిగితే చాలు. ఈ మాట మా మనవడితో అంటే పగలబడి నవ్వుతాడు. వాడు తానెన్నడూ చూడని ఏదో ఇంగ్లీషు సీమ ఊరి జట్టుకు వీరాభిమాని. ఏడాదికో చొక్కా కొంటాడు, దాని వీపు మీద ఎవడిదో పేరుంటుంది. ఆ పేరుగలవాడు మరుసటేడు ఇంకో జట్టుకు పోతాడు, వీడు ఇంకో చొక్కా కొంటాడు. "అభిమానం అంటే చొక్కా మార్చినంత సులభం కాదురా" అని నేను కేకలేస్తుంటాను. నిజం చెప్పాలంటే చొక్కాల గురించి గానీ అభిమానం గురించి గానీ ఒకరికి నీతులు చెప్పే యోగ్యత నాకు లేదు (ఈ సంగతి వాడికి ఇంతవరకూ తెలియనివ్వలేదు). మీరు పెద్ద మనసు చేసుకుని వింటారని చెబుతున్నాను.

మాది కోలారు దగ్గరి చింతామణి. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పద్దెనిమిదేళ్ళు, తాలూకా కచేరిలో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరి ఆర్నెల్లు. కూర్చునేది కచేరిలో, మనసుండేది ఫుట్‌బాల్ మైదానంలో. అలాగని నేను ఆడేవాణ్ణి కాను. ఒకసారి ఆడాను. బంతి నా కాలికి తప్ప అన్నిచోట్లా తగిలింది, చివరికి ముక్కుకు తగిలాక మానుకున్నాను. ఆడేవాళ్ళకు అరిచేవాడొకడు కావాలి గదా, ఆ ఉద్యోగం మాత్రం జీతం లేకుండా నిష్ఠగా చేశాను. మా వాళ్ళు వట్టికాళ్ళతో ఆడేవాళ్ళు. గోలుకు వెదురు గడలు. జట్టుకు పెద్ద టోపీ మేష్ట్రు, స్కూల్లో లెక్కలు చెప్పేవాడు, ఎండలోనూ నీడలోనూ నల్లటోపీ తీయని మనిషి. మా పగంతా చిక్కబళ్ళాపురం జట్టుతో. ఎందుకని అడక్కండి, మాకూ తెలియదు. వాళ్ళ చొక్కా ఎరుపు, మాది పసుపు, పగకు అంతకన్నా ఏం కావాలి? అంతకు ముందేడే మా గోల్‌కీపర్ని బాగేపల్లి వాళ్ళు కన్నడం చెప్పే మేష్ట్రు పని ఇప్పించి ఎగరేసుకుపోయారు. వాడి కన్నడం సంగతి మాకు తెలుసు కాబట్టి బాధ కన్నా అక్కడి పిల్లల మీద జాలే ఎక్కువ కలిగింది. కానీ తర్వాత పోయినవాడు మా నడిపన్న.

నడిపన్న మా సెంటర్ ఫార్వర్డు. వాడికి ఎడమ పక్కన ఆడేవాడు బొంగరం (అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో, ఒంటికాలి మీద గిర్రున తిరుగుతాడు కాబట్టి బొంగరం). బొంగరం "ఓయప్పా!" అని ఒక్క కేక వేస్తే చాలు, నడిపన్న తలెత్తి చూడకుండానే బంతిని వాడి కాలి ముందు పెట్టేవాడు. గోలీలాడే వయసు నుంచీ ఇద్దరిదీ అదే వరస.

చిక్కబళ్ళాపురంలో రేష్మె మామ అని ఒకాయన ఉండేవాడు. పట్టుగూళ్ళ వ్యాపారి, ఆ ఊరి జట్టుకు పెద్దదిక్కు, ఒక్కగానొక్క కూతురు. సంబంధం మాట్లాడటానికి మా ఇంటికొచ్చి అమ్మాయి సంగతి రెండు ముక్కలు చెప్పి, నడిపన్న ఎడమకాలి సంగతి గంటసేపు అడిగాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. ఇల్లరికం అన్నాడు. ముగ్గురు కొడుకుల్లో ఒకణ్ణి ఇవ్వడానికేమని మా నాయన ఒప్పుకున్నాడు. పెళ్ళయిన నెలకల్లా నడిపన్న ఒంటి మీద ఎర్ర చొక్కా కనిపించింది. నేను మైదానం మధ్యన నిలబడి, అందరూ వినేట్టు ఒట్టు పెట్టుకున్నాను. "మనోళ్ళు చిక్కబళ్ళాపురాన్ని ఓడించిందాకా ఆ యింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను. ముడితే నా పేరు మార్చి పెట్టండప్పా!" అమ్మ విని తల కొట్టుకుంది. "వాడు నీకు తోడబుట్టినోడురా, బంతికి కాదు" అంది. నేను వింటేనా? వదిన మా ఇంటికి పంపిన చక్కిలాలు మాత్రం తిన్నాను (ఒట్టు ఆ ఇంట్లో ముట్టననే గదా, డబ్బా మా ఇంట్లో ఉంది). నడిపన్న పండక్కి వస్తే పెరటి దారిన బయటికి పోయేవాణ్ణి. అలా రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ వాళ్ళే గెలిచారు, గోలు మీద గోలు కొట్టింది మా వాడే.

మూడో ఏడు ఆట చిక్కబళ్ళాపురంలో. యుద్ధం మూలాన సీమ రంగులు రావడం మానేశాయి. మా చొక్కాలు వెలిసి వెలిసి పంచెల రంగుకొచ్చాయి. "నాకు ఇడిసిపెట్టండి మేష్ట్రా" అని నేను పూనుకున్నాను. అమ్మ పొలం పనికి పోయిన రోజు చూసి, ఏడాదికి సరిపడా దంచిపెట్టుకున్న పసుపంతా పెళ్ళిళ్ళ గంగాళంలో పోసి కాచాను. చొక్కాలు ధగధగలాడాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆటగాళ్ళు మాత్రం ముక్కులు మూసుకున్నారు. "యేమప్పా, మమ్మల్ని ఆడిస్తావా, పెండ్లికొడుకుల్ని చేస్తావా?" అన్నాడు బొంగరం. సరే, ఆ వాసన పోయేట్టు ఒక్కసారి జాడించి ఇస్త్రీ చేసి పెట్టమని చాకలి తాతకు వేశాను. ఆట రోజు పొద్దున చిన్న రైలు కదిలే వేళకు తాత మూట పట్టుకొని స్టేషనుకు పరిగెత్తుకొచ్చాడు. "అప్పయ్యా, చొక్కాలు ఒకతూరి చూడు..." అని ఏదో చెప్పబోయాడు. "పొద్దు పోతా ఉండాది, వచ్చినాక మాట్లాడుదాంలే తాతా" అని మూట లాక్కున్నాను. అవతల నేను పోతున్నది యుద్ధానికి గదా, బట్టలుతికేవాడి మాట వినే తీరికెక్కడిది?

మైదానం పక్కన మూట విప్పితే లోపల పదకొండు ఎర్ర చొక్కాలు. వాళ్ళది కుంకుమ ఎరుపు, ఇది ఇటుక ఎరుపు. దగ్గర పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, పరుగెత్తేటప్పుడు ఎవడికి తెలుస్తుంది? టోపీ మేష్ట్రు ముఖం చొక్కాల కన్నా ఎర్రగా అయింది. "యేమిరా ఇది? వాళ్ళ రంగు మన మూటలోకి యాడనుంచి వచ్చె?" నేను తడుముకోకుండా, "తాత మూట మార్చినాడేమో మేష్ట్రా" అన్నాను. (మార్చి ఉంటే బొంగరం చొక్కా చంకలోని చిరుగు కూడా మారి వచ్చిందన్నమాట. అయినా అప్పటికి గండం గడిచింది.)

ఆట నడిపించడానికి కోలారు నుంచి ఒక డ్రిల్లు మేష్ట్రు వచ్చాడు. "ఒక జట్టోళ్ళు చొక్కాలు విప్పండప్పా" అన్నాడాయన. మా టోపీ మేష్ట్రు ఒప్పుకోలేదు. "మేము పిల్లోణ్ణి ఇచ్చిన వియ్యాలవారము. వియ్యంకుల ఊర్లో ఒంటి మీది గుడ్డ విప్పుకోని తిరగల్లనా?" రేష్మె మామ అంతకన్నా గట్టివాడు. "సొంత ఊర్లో, ఆడోళ్ళంతా చూస్తాండంగా మా పిల్లోళ్ళు విప్పల్లనా? యాడుండాదప్పా ఈ మర్యాద?" మర్యాదల పంచాయితీ అరగంట నడిచింది. చివరికి డ్రిల్లు మేష్ట్రుకు విసుగొచ్చి, "అట్లయితే మొగాలు చూసి ఆడుకోండి" అని ఈల ఊదేశాడు.

సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు లేదు. విరామంలో నిమ్మకాయ చెక్కలు పంచుతున్నాను. బొంగరం ఒక చెక్క పిండుకుంటుంటే రసం రొమ్ము మీద కారింది. కారినంత మేరా చొక్కా మళ్ళీ పసుపు రంగుకు తిరిగింది! నాకు అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. పసుపునీళ్ళలో సున్నం వేసి అమ్మ ఎర్రనీళ్ళు కలపడం, వాటితో హారతి ఇవ్వడం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి. తాత చౌడుమట్టితో ఉతుకుతాడనీ తెలిసినవాణ్ణి. ఆ సున్నం చేసే పనే చౌడూ చేస్తుందని, పులుపు తగిలితే విరిగిపోతుందని ఈ కచేరీ గుమాస్తా బుర్రకు తట్టలేదు. తాత స్టేషన్లో చెప్పబోయింది అదే. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, మిగిలిన నిమ్మచెక్కలు జేబులో దాచేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఇంకో ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా మా వాళ్ళు వాళ్ళ గోలు మీద పడ్డారు. కాపుకాయడానికి నడిపన్న వెనక్కి పరుగెత్తి వచ్చి బంతిని అందుకున్నాడు. అందుకుని, ముందుకు తన్నకుండా, ఎడమ పక్కకు మెత్తగా తోశాడు. అక్కడున్నది బొంగరం. వాడు క్షణం ఆలస్యం చేయలేదు. గోలు! నేను గాల్లోకి ఎగిరాను, కిందపడ్డాను, మళ్ళీ ఎగిరాను. రెండేళ్ళ ఒట్టు తీరింది! ఎగరడం ఆపి చూసేసరికి రేష్మె మామ మైదానం మధ్యకు నడిచి వచ్చాడు. ఊరు ఊరంతా చూస్తూ ఉంది. "తిన్నింటి వాసాలు లెక్కబెడితివి కదప్పా అల్లుడా! మీ ఊరోళ్ళ మీద అంత ప్రేముంటే నా కూతుర్ని యెందుకు చేసుకుంటివి? సాయంత్రం బండికి వాళ్ళతోనే పో. నా గడప తొక్కబాకు" అన్నాడు. నడిపన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ గుంపులో వదిన ఉంది, ఏడో నెల. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మొగుడి వైపే చూస్తూ ఉంది.

నోరు మూసుకుంటే చింతామణి గెలిచినట్టే. ఆ గెలుపు కోసం నేను రెండేళ్ళు తోడబుట్టినవాడితో మాట్లాడలేదు. కానీ వదినను చూశాక నిలబడ్డచోట ఉండలేకపోయాను. ఎప్పుడు నడిచానో తెలియదు, మామ ముందు నిలబడి ఉన్నాను. "తప్పు మా యన్నది కాదు మామా, నాది. అవి మా పసుపు చొక్కాలే. నా తెలివితక్కువతో ఎర్రగయినాయి. బొంగరాన్ని మీవాడే అనుకోని బంతి ఇచ్చినాడు" అన్నాను. "అన్నని కాపాడుకునేదానికి కతలు చెప్తాండావు" అన్నాడాయన. నేను జేబులోంచి నిమ్మచెక్కలు తీసి, బొంగరాన్ని ముందుకు లాగి, వాడి రొమ్ము మీద పిండి రుద్దాను. అరచేయంత మేర పసుపుపచ్చగా తేలింది. జనం మీదపడి చూశారు. డ్రిల్లు మేష్ట్రు వేలితో తాకి, వాసన చూసి, "పసుపే" అని తీర్పిచ్చాడు. వెంటనే ఇంకో తీర్పు కూడా ఇచ్చాడు. ఎదుటి జట్టు రంగు వేసుకుని కొట్టిన గోలు చెల్లదు, ఆట సమానం అన్నాడు. రేష్మె మామ నడిపన్న భుజం మీద చెయ్యి వేసి, "కండ్లు మోసం చేస్తే మనిషేం చేస్తాడులే, పా ఇంటికి" అన్నాడు. ఇటు టోపీ మేష్ట్రు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆయన బట్టతల నేను చూడటం అదే మొదలు, అదే చివర.

సాయంత్రం రైల్లో మా వాళ్ళెవరూ నన్ను ఎక్కనివ్వలేదు. "నీ మామోళ్ళ ఊరే గదా, ఆడనే ఉండు" అన్నారు. చేసేది లేక నడిపన్న ఇంటికి పోయాను. వదిన సంగటి ముద్దా పితికిపప్పు పులుసూ పెట్టి, చెంబు పట్టుకుని నిలబడింది. "నీళ్ళు ముడతావా మరిదీ, ఇంకా ఒట్టు ఉండాదా?" అని అడిగింది. "గోలు చెల్లలేదు గానీ, ఐదు నిమిషాలు మేము గెలిచే ఉంటిమి గదా వదినా" అని గటగటా తాగేశాను. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

దీపాలు పెట్టే వేళ నడిపన్న, నేను అరుగు మీద కూర్చున్నాం. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అన్నాడు.

"రంగు చూసి ఇయ్యలేదురా నేను."

"మరి?"

"నేను చొక్కా చూడనే లేదు. వాడు 'ఓయప్పా' అని అరిచె. కాలు దానంతట అదే పొయ్యె. తలెత్తి చూసేలోగా గోలు అయిపాయ."

ఊరి గెలుపు పాడు చేసి, అందరి చేతా తిట్లు తిని, పిండిన నిమ్మకాయ అంతా వృథా అన్నమాట! "అయితే నేను అంతమంది ముందర కతలు చెప్తా ఉంటే యెందుకు ఊరకుంటివి?" అని మండిపడ్డాను.

"రెండేండ్లకి నా పక్కన వచ్చి నిలబడితివి కదరా. అడ్డం వచ్చేదానికి నోరు రాలేదు" అన్నాడు. ఆ మాటకు నేను ముఖం అటు తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నడిపన్న ఎర్ర చొక్కాలోనే ఆడాడు. చిక్కబళ్ళాపురంలో ఆట పడ్డప్పుడల్లా నేను తప్పకుండా పోయేవాణ్ణి, ముందుగా వాళ్ళింట్లో భోంచేసి మరీ చింతామణి వాళ్ళ వైపు కూర్చునేవాణ్ణి. మా వాళ్ళకు బంతి దొరికితే మైదానం అదిరేట్టు అరిచేవాణ్ణి. నడిపన్న కాలికి బంతి వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకునేవాణ్ణి. "యేమప్పా, మూగనోము పట్టినావా?" అని పక్కవాళ్ళు అడిగితే, గొంతు బొంగురుపోయిందని చెప్పేవాణ్ణి. లోపల మాత్రం కాలివేళ్ళు బిగబట్టి వాడితోపాటు పరుగెత్తేవాణ్ణి. వాడు గోలు కొట్టాక ఎప్పుడూ మా వైపు ఒకసారి చూసేవాడు. నేను కండువా సర్దుకుంటున్నట్టు తల దించుకునేవాణ్ణి. నడిపన్న పోయి చాలా కాలమైంది. ఆ మొండి గుమాస్తాను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్కసారైనా "కొట్టన్నా!" అని అరిచి ఉంటే చింతామణికి వచ్చే నష్టమేమీ లేదు.