టబ్బుల మీద బావగారి ఫొటో

మంగళవారం. మబ్బు పట్టింది, చినుకు ఇంకా మొదలు కాలేదు. తెనాలిలో మా డాబా మీద ఆరబోసిన మినుములు ఎత్తి బస్తాలో పోస్తుంటే రేపల్లె నుంచి ఫోను వచ్చింది. మా బావగారు, అంటే నా భార్య అన్నగారు, కాఫీ తాగి అరుగు మీద ఒరిగి ఇక లేవలేదట.

బాపట్లలో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి నేనే చెప్పాను. "మావయ్యా" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేక విని, ఆయన పోయిన రోజున కూడా, నాకు ఈర్ష్య కలిగింది. నాకోసం ఇది ఇలా ఏడుస్తుందా అనుకున్నాను.

నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి. పప్పు మిల్లులో గుమాస్తాగా కూర్చుని మిగతా చదువు నాకు నేనే నేర్చుకున్నాను. రోజూ పద్దు రాసుకోవడం తప్ప రాయడం అలవాటు లేదు. అయినా ఆయన గురించి నాలుగు మాటలు మీకు చెప్పాలనిపించింది.

బావగారి పొలం కాలవ చివర ఉంది. పై ఊళ్ళవాళ్ళు పారేసిన కవర్లూ సీసాలూ కొట్టుకొచ్చి ఆయన బోదెకు అడ్డం పడేవి. చేలోకి నీరు రావాలంటే ముందు వాటిని కర్రతో లాగాలి. నేను కనిపిస్తే చాలు, "మీ తెనాలోళ్ళు ఏం తింటున్నారో నాకు రోజూ తెలుస్తుంది బావా. నిన్న బిర్యానీ" అనేవారు. ఇంట్లో ఎవరైనా ఏదైనా అవతల పారెయ్యమంటే, "అవతలంటే ఎక్కడమ్మా? ఆ అవతల ఉండేది నేనేగా" అనేవారు. పర్యావరణం అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

అమ్మాయిని హాస్టల్లో చేర్చేటప్పుడు కొత్త ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు, రంగురంగుల నీళ్ళ సీసాలు కొని ముచ్చటగా సర్దాను. బావగారు మరచెంబు, సొట్టపోయిన స్టీలు బకెట్టు, పాత పంచెతో కుట్టించిన సంచులు తెచ్చారు. మా అమ్మాయి రెండువైపులా చూసి ఆయన తెచ్చినవే తీసుకుంది. నా సామాను రైల్లో నేనే మోసుకొచ్చాను.

హాస్టల్లో మొదట ఆ చెంబు చూసి "ఏంటమ్మమ్మా, కాశీకా?" అని పిల్లలు ఏడిపించారట. ఇది నవ్వి ఊరుకుంది. టీ కొట్టుకు సొంత గ్లాసు పట్టుకెళ్తుంది. కుంకుడుకాయలతో తలంటుకుంటుంది. పై తరగతి పిల్లల పుస్తకాలే అడిగి చదువుతుంది. కంచంలో మెతుకు వదలదు. ఏడిపించినవాళ్ళే ఇప్పుడు గ్లాసులు తెచ్చుకుంటున్నారట. నేను చూడటానికి వెళ్ళినప్పుడల్లా "మావయ్య చెప్పాడు" అంటూ మొదలుపెట్టేది. వింటూ కూర్చునేవాణ్ణి. ఆయన లేకపోతే అది ఇంత తెలివిగా బతకడం నేర్చుకునేది కాదు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

పోయినవారి పేరుతో బంధువులకు ఏదో ఒక సామాను ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. వెనకటి రోజుల్లో స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించేవారు. పెద్దకర్మ ముందురోజు బావగారి అబ్బాయి తెప్పించినవి ఆటోలో దిగాయి. ఎర్ర ప్లాస్టిక్ టబ్బులు. ఒక్కోదాని మీద నవ్వుతున్న బావగారి ఫొటో.

"ఇదేంటి బావా! మావయ్యకి ప్లాస్టిక్కా?" అంది మా అమ్మాయి.

"ఫొటో బాగానే వచ్చిందిగా."

"ఫొటో సంగతి కాదు."

"నీకేం, సెలవులకొచ్చి కబుర్లు విని పోయేదానివి. ఆ చెంబులన్నీ చింతపండు పెట్టి తోమింది మా అమ్మ."

అమ్మాయి మొహం చిన్నబోయింది. నా దగ్గరికి వచ్చి, "నాన్నా, నువ్వు చెప్పు. నీ మాటైతే బావ కాదనడు" అంది. అది నన్ను ఒక పని అడగడం ఎన్నాళ్ళకో. అదీ ఆయన కోసమే. వినిపించుకోనట్టు ఊరుకుందామనిపించింది. కానీ అది నా చొక్కా అంచు పట్టుకుని ఉంది.

"అల్లుడూ," అన్నాను, "ఇవి విరిగాక ఎవరో ఒకరు కాలవలో పారేస్తారు. మీ నాన్న మొహం నీళ్ళలో కొట్టుకొచ్చి మీ బోదెకే అడ్డం పడుతుంది. లాగడానికి ఆయన లేడు."

అతను అక్కడే టబ్బుల పక్కన కూలబడ్డాడు. లోపలి నుంచి వాళ్ళమ్మ, "అటక మీద పెట్టించరా. నేనుండగా అవి గడప దాటకూడదు" అంది.

మర్నాడు విస్తళ్ళలో భోంచేసి అందరూ వట్టి చేతులతో వెళ్ళారు. "గ్లాసన్నా ఇవ్వలేదేంటమ్మా" అని ఒక పెద్దావిడ గుమ్మంలోనే అడిగేసింది.

తిరుగు రైల్లో అమ్మాయి అంది, "నిన్న నువ్వన్న మాట అచ్చం మావయ్య అన్నట్టే ఉంది నాన్నా."

మెచ్చుకోలే. కానీ నేను సొంతంగా అన్న ఆ ఒక్క మాటా ఆయన ఖాతాలోకే పోయింది.

తెనాలిలో దిగాం. అది బాపట్ల రైలు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, ఉన్నట్టుండి అడిగింది. "మావయ్యకి ఏది పడదో నాకు తెలుసు. నీకేది పడదో తెలీదు. ఏంటి నాన్నా, చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నోరు తెరిచాను. రైలు కదిలింది. అది చెయ్యి ఊపలేదు. కడ్డీ పట్టుకుని ముందుకు వంగి, ప్లాట్‌ఫారం చివరిదాకా నా పెదవుల వంకే చూస్తూ వెళ్ళింది.

ఇంటికి వచ్చి, పద్దు పుస్తకం తెరిచి, నాకు పడనివి ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టాను.