పట్టుగుడ్డ మీద గడియారం

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

మా ఆయన వెల్లింగ్టన్‌లో పాత సామాన్ల కొట్టులో కొన్న ఫ్రెంచి గడియారం అది. నల్లరాతి పెట్టె, తెల్లటి పింగాణీ ముఖం, లోపల ఊగే లోలకం. ఆయనే కీ ఇచ్చేవారు. ఆయన పోయాక దాన్ని ఆయన ఫొటో పక్కన పెట్టాను. దేవుడి సామానుకు వేసినట్టే, నా పెళ్లి పట్టుచీర ముక్క మడతలు వేసి కింద పరిచాను. మర్నాటికే ఆగిపోయింది. కదిపితే కాసేపు ఆడి మళ్లీ ఆగేది.

ఆల్బనీలో ఉండే మా ఆడపడుచు సంగతి విని ఫోన్‌లో కేకలేసింది.

"ఆగిన గడియారం ఇంట్లో ఉంటే కీడు వదినా. ఎవరికైనా ఇచ్చెయ్యి."

"మీ అన్నయ్య చెయ్యి పడ్డ వస్తువు. ఎలా ఇచ్చేది?"

"అయితే ఆడించు. ఆడకపోతే బయటికి పంపు."

అమ్మాయి నన్ను గడియారాలు బాగుచేసే ఒక కివీ, అంటే ఈ దేశపు ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వెనక తలుపు తీసి చూపించాడు. బొట్టుబిళ్లంత ముద్ర, చేసినవాళ్ల పేరట. ఎవరికీ కనబడని లోపలి చక్రాలు కూడా అద్దంలా నునుపు చేసి ఉన్నాయి.

"ఎవరు చూస్తారని ఇంత చేశారో అడగవే" అన్నాను.

అమ్మాయి అడిగి, "తర్వాత బాగుచేసేవాళ్లు చూస్తారుగా అంటున్నాడమ్మా" అంది. ఏనాటి మనిషో, దాన్ని చేసిన చేతులకు అక్కడే దండం పెట్టుకున్నాను.

ఆయన కొట్టులో శుభ్రంగా ఆడింది. ఇంటికి తెచ్చి పట్టుగుడ్డ మీద పెడితే మళ్లీ ఆగింది. ఇక ఇచ్చెయ్యక తప్పదేమోనని నాకు అన్నం సయించలేదు.

ముసలాయన ఇంటికే వచ్చాడు. ఫొటో చూసి టోపీ తీశాడు. గడియారం కింద వేలితో నొక్కి ఏదో అన్నాడు.

"కింద మెత్తగా ఉంటే పెట్టె కూడా ఊగుతుందట. లోలకం బలమంతా ఈ గుడ్డే తాగేస్తోందట. నీ మర్యాదే దాన్ని ఆపిందమ్మా" అని అమ్మాయి నవ్వింది.

ఆయన ఆ గుడ్డ తీసి రెండు చేతులతో నాకందించాడు. అది మామూలు గుడ్డ కాదని ఆయనకెవరు చెప్పారో. గడియారాన్ని ఉత్త చెక్క మీద పెట్టి, నన్ను వినమని సైగ చేశాడు. ఇద్దరాడవాళ్లు ఒకే రోట్లో పసుపు దంచుతుంటే ఒకరి పోటు ముందే పడుతున్నట్టుంది. "ఊహూ" అన్నాను. లోపల చిన్న కడ్డీని కొంచెం వంచాడు. "ఊహూ." ఇంకొంచెం వంచాడు. ఈసారి పోటుకీ పోటుకీ మధ్య ఎడం సమంగా ఉంది. తలూపాను. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. పని మాత్రం జరిగిపోయింది.

టీ తాగి ఆయన వెళ్లాక, ఆడపడుచుకు ఫోన్ చేసి గడియారం దగ్గర పెట్టాను.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నా. ఫోన్ అక్కణ్ణుంచి తియ్యకు వదినా. గంట కొట్టేదాకా వింటాను."