మామ వేసిన వెచ్చని నేల

మా మామ పోయాడు. నా భర్తకు తండ్రి. పోయిన సోమవారం తెల్లారి కాఫీ తీసుకుపోయేసరికి, ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన గదిలో, మంచం మీద నిద్రలోనే వెళ్లిపోయి ఉన్నాడు. చూడవచ్చిన వాళ్లలో ఒక పెద్దాయన, మనిషి బంగారమేగానీ పొయ్యి ఒక్కటి సరిగ్గా పెట్టలేకపోయినాడని అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గోరంట్ల నుంచి కొత్త కోడలిగా వచ్చిన కాలం. వానల్లేక వేరుశనగ ఏటేటా ఎండిపోతుంటే మామ బావి కింద కాస్త మల్బరీ పెట్టి పట్టుపురుగులు మేపుతున్నాడు. చలికాలం వస్తే మా మెట్టసీమలో గది చల్లబడి పురుగులు మేత ముట్టవు. కుంపటి పెడితే పొగకు చస్తాయి. మామ ఆలోచించి గోడ బయట పొయ్యి కట్టాడు. దాని పొగ గదిలో నాపబండల కింద కాలువలో తిరిగి, అవతలి గోడకున్న పొగగొట్టంలోంచి పోవాలి. బండలు కాగితే గది వెచ్చబడాలి. నేల కింద పొయ్యి పెట్టి పురుగుల్ని వేయించుకు తింటాడేమో అని ఊరు నవ్వింది. మామ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

మొదట్లో గది బాగానే కాగింది. పోనుపోను చల్లబడింది. వరసగా రెండు పట్టు పంటలు పోయాయి. మూడోది కూడా పోతే తోట పీకేసి నేనూ మా ఆయనా బెంగళూరుకు కూలికి పోవడమేనని ఇంట్లో అనుకున్నారు. మామ బయటినుంచే కాలువలో మసి తీయించాడు, పొయ్యి సందుల్లో బంకమట్టి మెత్తాడు, కంప మాని వేరుశనగ పొట్టు వేసి చూశాడు. పొయ్యి భగభగ మండేది, పొగ నేరుగా పోయేది, నేల మాత్రం కాగేది కాదు.

ఆయనకొక అలవాటు. పాల గిన్నె అయినా, మా నుదురు అయినా, నేల అయినా చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. “మనిషినైనా నేలనైనా చెయ్యి పెట్టి చూడల్ల, పాపా. అడిగితే బాగుండాదనే చెప్తారు,” అనేవాడు. పెళ్లయిన కొత్తలో జ్వరం దాచిపెట్టి రోటి దగ్గర కూర్చున్న నన్ను ఆ చేత్తోనే పట్టేశాడు.

చివరికి జాడ చెప్పింది మా పిల్లి. ఎలుకల కోసం గదిలో వదిలిన ఆ సోమరిపోతు ఎప్పుడు చూసినా ఒకే చోట ముడుచుకుని పడుకునేది. మామ దాన్ని ఎత్తి పక్కన పెట్టి, అక్కడ చెయ్యి ఆనించాడు. చుర్రుమంది. పురుగుల తట్టలు పెట్టే స్టాండు ఈడ్చినప్పుడు పైపొర పెచ్చు లేచి బండ బయటపడిన చోటది. పక్కన గీకి చూస్తే ఎర్రమట్టీ పేడా కలిసిన అలుకు, జొన్నరొట్టె కంటే మందంగా, బండ వేడిని పైకి రానీయకుండా.

అది అవ్వ పని. అవ్వ అంటే మామ తల్లి. పురుగులు లక్ష్మి, వట్టి బండ మీద లక్ష్మిని పెట్టకూడదని రోజూ తెల్లారి అలికి ముగ్గు వేసిగానీ మేత వేయనిచ్చేది కాదు. పంటలు పోయేకొద్దీ ఇంకా భక్తిగా, ఇంకా మందంగా అలికింది పాపం.

 అవ్వను తనకల్లు ఊళ్లో కూతురింటికి పంపి, నేనూ మామా కలిసి ఆ పొరంతా గీకేశాం. అవ్వకైతే ఒకటే చెప్పాడు. కాలువ తానే వంకరగా కట్టాడట, ఇప్పుడు సరిచేశాడట. ఇకమీద వేడికి పేడ మాడి వాసనొస్తే పురుగులకు పడదు కాబట్టి, గడప అలికితే చాలట. అవ్వ సంబరంగా గడపనే అద్దంలా అలికింది. ఆ పంట పట్టుగూళ్లు కట్టింది. మేం బెంగళూరు పోలేదు. పొయ్యి వంకరగా కట్టినోడని ఊరు మాత్రం మామకు పేరు పెట్టింది.

నాకు ఉండబట్టక, ఎందుకు మామా ఆ మాట పడడం అని అడిగాను.

“ముసల్ది రెండు పంటలకూ కూడు మాని ఏడ్చిండాది, పాపా. తన చేత్తోనే పోయినాయని తెలిస్తే తట్టుకుంటాదా? నన్నంటే అననీలే. నాకేం అరిగిపోతాదా?”

అవ్వ పోయాక కూడా ఆయన నిజం బయటపెట్టలేదు. బావి ఎండి పురుగులు మానేశాక, చల్లబడిన ఆ గదిలోనే మంచం వేసుకున్నాడు.

మామను తీసుకుపోయాక, ప్రాణం పోయిన చోట అలికి దీపం పెట్టాలన్నారు. అన్నేళ్ల తర్వాత ఆ బండల మీద మళ్లీ అలుకు పడింది, నా చేత్తో. పొయ్యి మండే రోజుల్లో అక్కడ నీళ్లు చల్లితే చూస్తుండగానే ఆరిపోయేవి. సాయంత్రం దీపం పెట్టబోతూ, మామలాగే చేతి వెనకవైపు నేలకు ఆనించి చూశాను. పొద్దున అలికిన తడి ఇంకా ఆరలేదు.