దెసాంకా పిన్ని తెల్ల మేజోళ్లు

దెసాంకా పిన్నికి ఈ భూమ్మీద ఒక్కటే శత్రువు: ఎదురెదురు కిటికీలు తెరిస్తే మధ్యలో దూసుకుపోయే గాలి. మా లెస్కోవాట్స్ ఊళ్లో ఆ గాలికి అందరూ భయపడతారు. మెడ పట్టేసినా, పన్ను సలిపినా నేరం దానిదే. కానీ పిన్నిది భయం కాదు, పగ. ఎండాకాలం కిక్కిరిసిన బస్సులో జనం ఉడికిపోతున్నా లేచి వెళ్లి కిటికీలన్నీ మూసివస్తుంది. భర్త స్వెతొజార్ బాబాయి అంత్యక్రియల్లో ప్రార్థన ఆపించి, "ఫాదర్‌గారూ, ఆ తలుపు వేయించండి. బతికున్నవాళ్లన్నా మిగలాలి కదా" అంది.

బాబాయికి ముందు కాలు పోయింది, తర్వాత ప్రాణం పోయింది. ఎవరడిగినా "గాలి పట్టుకుపోయింది" అంటుంది పిన్ని. ఆయనకున్నది షుగరని ఊరందరికీ తెలుసు. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

మా పక్కిల్లే ఆవిడది. మా ఇంటికి వస్తే ముందు కిటికీలు మూస్తుంది, తర్వాత మా పాదాలు చూస్తుంది. గాలి ఒంట్లోకి దూరేది అరికాల్లోంచేనని ఆవిడ సిద్ధాంతం. కూర్చోబెట్టి, అరికాళ్లు పైకి తిప్పి చూసి, తను అల్లిన ఉన్ని మేజోళ్లు తొడిగితే గాని వదలదు. నాకు ఎర్రవి, ఎదురింటి మిలుటిన్‌కి పచ్చవి. మా ఆయన తిహోమీర్‌కి మాత్రం ఎప్పుడూ తెల్లవే.

"నేనేమన్నా పెళ్లికొడుకునా పిన్నీ? కాఫీ హోటల్లో అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీరా. వాళ్లకి మెడలు పట్టేసినప్పుడు నువ్వు నవ్వుదువుగాని. కాలు ఇటు పెట్టు."

మా ఆయనకి ఎన్నాళ్లనుంచో షుగరు. "నొప్పి లేదు, నలత లేదు, ఇంకేం రోగమే" అంటూ బక్లావా మిఠాయి ముక్క నోట్లో వేసుకునే రకం. అరిచాను, ఏడ్చాను, దున్నపోతు మీద వాన. రక్తపరీక్షకి వేలివ్వని ఈ మనిషి పిన్నికి మాత్రం బుద్ధిగా కాలిస్తాడు.

ఇంకో చాదస్తం. ప్రతి శనివారం ఆ తెల్ల మేజోళ్లు తనే పట్టుకెళ్లి ఉతుకుతుంది. "నీ సబ్బుకి గాలి ఆగదమ్మాయ్" అంటుంది. నాకు ఒళ్లు మండేది. మా ఆయన మేజోళ్లకి రంగు కొనడానికి పిసినారితనం, పైగా నా ఉతుకు మీద నిందా?

మిరపకాయల రోజులవి. చలికాలం నిలవ పచ్చడికని ఏ పెరట్లో చూసినా పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుతున్నాయి. ఆ శనివారం పిన్ని కిటికీలు మూసేసి, మా ఆయన మేజోడు విప్పి, తిరగేసి వెలుగులో పట్టుకుంది. ఎడతెగని ఆ నోరు టక్కున ఆగింది. మడమ దగ్గర బఠాణీ గింజంత పసుపు మరక.

"ఎప్పుడు గుచ్చుకుందిరా?"

"ఏది గుచ్చుకుంది?"

అరికాల్లో చిన్న గాజుపెంకు దిగి, చుట్టూ ఎర్రగా వాచి, చీము పట్టి ఉంది. మా ఆయనకి తెలియనే తెలియదు. స్వెతొజార్ బాబాయి ఖాళీ పంట్లాం కాలు నా కళ్ల ముందు ఊగింది.

అప్పుడు చూశాను, జన్మలో చూస్తాననుకోనిది. పిన్ని వీధివైపు కిటికీ బార్లా తెరిచింది. ఎటునుంచైనా వినబడాలని పెరటివైపుదీ తెరిచింది. తలుపూ తెరిచింది. "మిలుటిన్, మిరపకాయలు మాడితే మాడనీ, ముందు కారు తియ్యి" అని కేకేసింది. తెరలు ఎగిరిపోతుంటే తలకి గుడ్డైనా లేకుండా ఆ గాలి మధ్యలో నిలబడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు కడిగి, మందు పెట్టి, మా ఆయన్ని కూడా కడిగేసింది. "షుగరు ఎక్కువగా ఉంటే ఒంట్లో సన్నసెగ ఆరకుండా రగులుతూనే ఉంటుందయ్యా. ఆ సెగకి రక్తనాళాలు దెబ్బతింటాయి. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, పుండు మానదు. ఆ సెగ మళ్లీ షుగర్ని దిగనివ్వదు. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఇంకొన్నాళ్లు ఆగుంటే నీ కాలు నేను ఉంచగలిగేదాన్ని కాదు."

మా ఆయన కట్టు కట్టిన కాలివైపు చూసుకుని, "మరి నేనేం తినాలి డాక్టరమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న కోసం నేనెన్ని మొక్కులు మొక్కానో దేవుడికే తెలుసు.

బయట బల్ల మీద కూర్చుని మా వీధిలో తెల్ల మేజోళ్లవాళ్లని ఒక్కొక్కరినే తలుచుకున్నాను. రొట్టెల కొట్టు స్తోయాద్దిన్, సంగీతం మాస్టారు, చర్చిలో గంట కొట్టే ముసలాయన. అందరూ షుగరువాళ్లే.

"తెల్లవెందుకో ఇప్పుడర్థమైంది పిన్నీ."

"మీ బాబాయికి నల్లవి అల్లానమ్మా. ఆయనకి నలుపిష్టం. నలుపు మీద ఏదీ కనబడదు." నావైపు తిరిగి అంది: "షుగరంటే ఈ మగాళ్లు నవ్వి ఇంకో ముక్క తింటారు. గాలంటే కాళ్లు చాపుతారు. నాకు కావలసింది వాళ్ల కాళ్లే."

మంచు పడేనాటికి పుండు మానింది. కాలు నిలిచింది. కొత్త తెల్ల జత పట్టుకుని పిన్ని వచ్చిన రోజు ఆవిడని గట్టిగా కావలించుకున్నాను. "మొత్తానికి గాలి పేరు చెప్పి ఊరందరినీ బురిడీ కొట్టించావు పిన్నీ. గాలి ఉత్తదే కదూ?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఉత్తదని ఎవరన్నారే? డాక్టరమ్మ ఏమంది, లోపల సెగ ఉందనే కదా? సెగని రగిల్చేది ఏమిటి? పోయి ఆ కిటికీ వెయ్యి."

నేను లేచేలోపే మా ఆయన తెల్ల మేజోళ్లతో కుంటుకుంటూ వెళ్లి వేసివచ్చాడు.