ఫార్మలిన్‌లో నాలుగు రోజులు

2011లో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబులో సీనియర్ పాథాలజిస్టుని. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరీక్షించి, అది క్యాన్సరో కాదో, అయితే ఏ రకమో రాసి సంతకం పెట్టడం నా పని. రోగి మొహం చూసే అవసరం ఉండదు. నిజం చెప్పాలంటే నాకు అదే హాయిగా ఉండేది.

యాదమ్మది తుర్కయంజాల్. రొమ్ము క్యాన్సర్. ఎల్బీ నగర్‌లో ఆపరేషన్ చేసిన సర్జన్ ఒక్కటే అడిగారు: కణాల్లో హెర్-2 జన్యువు ప్రతులు లెక్కకు మించి పెరిగాయా? పెరిగితే దానికంటూ ఒక ఇంజెక్షన్ ఉంది. లేకపోతే ఇవ్వరు. మొదట రంగు పరీక్ష చేస్తాం. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే కణాల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. యాదమ్మ స్లైడులో అంచులకు రంగు పట్టలేదు. 'నెగెటివ్' అని రాసి సంతకం పెట్టేశాను.

రిపోర్టు కోసం వచ్చిన ఆమె భర్త ఐలయ్య, ఆటో డ్రైవర్, నన్ను కలవాలని పట్టుబట్టాడు. గడ్డ వేసిన డబ్బాను ఆసుపత్రి నుంచి మా ల్యాబుకు తెచ్చింది అతనే; ఆలస్యంగా తెచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పడానికట.

"బంద్‌ల ఆటో తియ్యలే మేడం. నడిసొస్తే మీ షట్టర్ గూడ బందే ఉండె. నాలుగు దినాలు డబ్బ మా ఇంట్లనే పెట్టిన. గా మందునీళ్లు మాత్రం ఒలకనియ్యలే."

మందునీళ్లంటే ఫార్మలిన్. కండను కుళ్లకుండా కాపాడుతుంది. కానీ రెండు రోజులు దాటితే ప్రోటీన్‌ను బిగబట్టి రంగు సరిగ్గా పట్టనివ్వకపోవచ్చు. ఫారంలో, ముక్కను ఫార్మలిన్‌లో వేసిన తేదీ రాయాల్సిన గడిలో మా కౌంటరువాళ్లు అలవాటుగా డబ్బా అందిన తేదీ వేసేవారు. మామూలు రోజుల్లో రెండూ ఒకటే. ఊరంతా స్తంభించిన వారంలో కూడా నేను ఆ గడిని అనుమానించలేదు.

రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. "నేనేమన్న తప్పు జేసిన్నా?" అన్నాడు. తప్పు నాదని చెప్పాను.

ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన చిన్న ముక్క మా బీరువాలోనే ఉంది. అది వేళకు ఫార్మలిన్‌లోంచి బయటికి వచ్చింది. దానిమీద ప్రోటీన్‌ను కాకుండా జన్యువునే చూపే 'ఫిష్' అనే పరీక్ష చేశాం. ఇందులో కణ కేంద్రకం లోపల హెర్-2 ఎర్ర చుక్కలుగా, అది ఉండే పదిహేడో క్రోమోజోమ్ ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తాయి. క్యాన్సర్ కేంద్రకాలు ఉబ్బి వంకరపోతాయి. వాటిలో క్రోమోజోములే ఎక్కువగా ఉంటే ఎర్ర చుక్కలూ పెరిగి మనల్ని మోసం చేస్తాయి. అందుకే రెండు రంగులూ లెక్కపెట్టాలి. ఇరవై కేంద్రకాలు చూశాను. ఒక్కోదానిలో ఆకుపచ్చవి రెండో మూడో. ఎర్రవి ద్రాక్ష గుత్తుల్లా ఉన్నాయి. పాజిటివ్.

యాదమ్మకు ఇంజెక్షన్ మొదలైంది. రిటైరయ్యేదాకా, ముక్క ఎన్నాళ్లుగా ఫార్మలిన్‌లో ఉందో డబ్బా తెచ్చిన మనిషిని అడగకుండా నేను మళ్లీ హెర్-2 స్లైడు చూడలేదు. ఆ రోజు ఐలయ్య మారుమాట్లాడకుండా రిపోర్టు తీసుకుని వెళ్లిపోయి ఉంటే, ఆమెకు ఆ ఇంజెక్షన్ అందేది కాదు. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.