ఊరికి పోయినవాళ్ల లెక్క

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మార్చి నెలలో, బొమ్మసంద్ర దగ్గర రాతి పలకలు పాలిష్ చేసే ఒక కర్మాగారం అధ్యయనం నాకు అప్పగించారు. అప్పటికి నేను బెంగళూరులో సీనియర్ బయోస్టాటిస్టీషియన్‌ని. అంటే జనంలో జబ్బుల లెక్కలు కట్టేవాణ్ణి. రాతి దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేస్తోందా అన్నది ప్రశ్న. అవునని తేలితే యాజమాన్యం దుమ్ము లాగే యంత్రాలు పెట్టాలి. కాదంటే అక్కర్లేదు.

ప్రతి కార్మికుడూ జబ్బు లేకుండా ఎన్నాళ్లున్నాడో చూడటం మా పద్ధతి. మధ్యలో వెళ్లిపోయినవాణ్ణి చివరిసారి చూసిన రోజు వరకే లెక్కలోకి తీసుకుంటాం. దీన్ని సెన్సారింగ్ అంటారు. సినిమాలకు చేసేది కాదు. ఒక్కటే షరతు: వెళ్లిపోవడానికీ జబ్బుకీ సంబంధం ఉండకూడదు. హాజరు పుస్తకంలో అలాంటివాళ్ల పేర్ల ఎదుట కన్నడంలో 'ఊరిగె హోద' అని ఉంది. నా నోటుబుక్కులో 'ఊరికి పోయాడు' అని దించుకున్నాను. కూలీలు ఊళ్లకు పోక ఎక్కడికి పోతారు? లెక్క కడితే దుమ్ము వల్ల హాని లేదని వచ్చింది. పాతవాళ్లే గట్టిగా ఉన్నారు. నాకు భలే ముచ్చటేసింది.

సంతకం పెట్టబోతుంటే మా ఫీల్డ్ నర్సు కృపారాణి అడ్డం పడింది. ఒంగోలు మనిషి, మొహమాటం తెలీదు.

"ఇంతమంది ఊరెళ్లారు గదండీ, ఒక్కళ్లకన్నా ఊరి పేరు రాశారా సార్?"

అది మన పని కాదమ్మా అని కసిరాను. వింటేగా! మర్నాడు జాబితాలో ఒక చిరునామా పట్టుకుని నన్ను ఆనేకల్ తీసుకెళ్లింది. ఊరికి పోయిన వెంకటస్వామి ఇంట్లోనే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. జవాబులన్నీ ఆయన భార్య మునిరత్నమ్మే చెప్పింది.

"ఏ ఊరప్పా? ఆయప్ప ఈడే పుట్టినాడు, ఈడే ఉండాడు. దగ్గొచ్చి పనికి పోలేనోళ్లనంతా అట్లే రాస్తారు. ఇప్పుడు మా కొడుకు అదే మిషన్ కాడ ఉండాడు. వాణ్ణి గూడా ఊరికి పంపిస్తారా?"

చెరిగాక చేటలో మిగిలిన గింజలు చూసి, తాలే లేదని రాయబోయాను నేను.

నివేదిక ఆపేశాను. గడువు దాటిందని పై అధికారి చివాట్లు పెట్టాడు, పడ్డాను. వెళ్లిపోయినవాళ్లను ఇల్లిల్లూ తిరిగి వెతికి, పరీక్షలు చేయించడానికి ఐదు నెలలు పట్టింది. లెక్క తిరగబడింది. యంత్రాలు వచ్చాయి. మునిరత్నమ్మ కొడుకు మిషన్‌కూ ఒకటి బిగించారు.

లెక్కలోంచి జారిపోయినవాడు ఎందుకు జారిపోయాడో అడగందే లెక్క కట్టకూడదు. నేను నేర్చుకున్నది అంతే. యంత్రాలు వచ్చేలోపే వెంకటస్వామి చనిపోయాడు. నోటుబుక్కు తీసి ఆయన పేరు ఎదుట 'ఊరికి' అన్న మాట కొట్టేశాను. రెండో మాట దిద్దక్కర్లేకపోయింది.